రూ.40 వేలలో స్టూడెంట్ ల్యాప్‌టాప్: కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లు కొనే ముందు చూసుకోవాల్సినవి ఇవే

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ అయిపోయి సీటు ఖాయం కాగానే ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఇళ్లలో మొదలయ్యే మాట ఒకటే: "బాపూ, ల్యాప్‌టాప్ కొనాలె." ఆ తర్వాతి ప్రశ్న ఇంకా కష్టమైనది: "ఎంతల వస్తది?"

చాలా ఇళ్లలో బడ్జెట్ రూ.30 వేల నుంచి రూ.45 వేల మధ్యలో ఉంటుంది. ఇంజనీరింగ్‌లో ఎక్కువ మంది విద్యార్థులకు ఏడాదికి వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ గరిష్ఠంగా రూ.35 వేలు. అంటే ఒక ల్యాప్‌టాప్ ఖర్చు దాదాపు ఒక ఏడాది రీయింబర్స్‌మెంట్‌తో సమానం. పైగా ల్యాప్‌టాప్‌కి రీయింబర్స్‌మెంట్ ఏమీ ఉండదు, మొత్తం జేబులోంచే పెట్టాలి. తప్పు మోడల్ కొంటే రెండో ఏడాదికే ఇంకోటి కొనే పరిస్థితి ఈ ఇళ్లలో ఉండదు. కొన్నది నాలుగేళ్లు నడవాల్సిందే.

ల్యాప్‌టాప్ లేకపోతే చదువు ఎంత ఆగిపోతుందో మన దగ్గర బాసర ట్రిపుల్ ఐటీ విద్యార్థులకు బాగా తెలుసు. 2008లో మొదలైన ఆ యూనివర్సిటీలో పదో తరగతి తర్వాతే సీటు ఇస్తారు. ల్యాప్‌టాప్ మీద పాఠాలు నేర్చుకోవడమే అక్కడి పద్ధతి. 2022 జూన్‌లో వానలో తడుస్తూ విద్యార్థులు చేసిన ఆందోళనలో ల్యాప్‌టాప్‌లు ఇవ్వాలన్నది కూడా ఒక డిమాండ్. మిగతా కాలేజీల్లో అయితే ఎవరూ ఇవ్వరు. జగిత్యాల, మంథని జేఎన్‌టీయూ కాలేజీలైనా, శాతవాహన యూనివర్సిటీ పరిధిలోని డిగ్రీ కాలేజీలైనా మన ల్యాప్‌టాప్ మనమే కొనుక్కోవాలి.

అందుకే ఈ ఆర్టికల్‌లో "టాప్ 10 ల్యాప్‌టాప్స్" లిస్ట్ ఇవ్వడం లేదు. ధరలు నెలనెలా మారుతున్నాయి, ఆ లిస్ట్ నెల తిరిగేసరికి పాతబడిపోతుంది. దాని బదులు షాపులో అయినా, ఆన్‌లైన్‌లో అయినా ఏ మోడల్ కనపడినా మీరే తేల్చుకునేలా లెక్కలు ఇస్తున్నాం.

ముందు ఒక ప్రశ్న: ఇప్పుడే కొనాలా?

కాలేజీలు ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో మొదలవుతాయి. ఆదిలాబాద్ వైపు పత్తి పైసలు చేతికొచ్చేది నవంబర్ తర్వాతే. కరీంనగర్, పెద్దపల్లి వైపు వానాకాలం వడ్లు అమ్మేదీ దాదాపు అప్పుడే. అంటే ల్యాప్‌టాప్ అవసరం అనిపించే సమయానికి ఇంట్లో పైసలు ఉండవు. అప్పుడే వడ్డీకి తెచ్చో, ఈఎంఐ పెట్టో కొనేస్తుంటారు.

బీటెక్ మొదటి సెమిస్టర్‌లో చాలా బ్రాంచీలకు ఉండేది మ్యాథ్స్, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ, ఇంగ్లిష్, సీ లేదా పైథాన్‌లో బేసిక్ ప్రోగ్రామింగ్, ఇంజనీరింగ్ డ్రాయింగ్. ప్రోగ్రామింగ్ ప్రాక్టీస్ కాలేజీ ల్యాబ్‌లో చేసుకోవచ్చు. ఇంటి దగ్గర అయితే ఫోన్‌లో ఆన్‌లైన్ కంపైలర్ ఓపెన్ చేసి చిన్న చిన్న ప్రోగ్రామ్‌లు రాయొచ్చు. హాయిగా ఉండదు కానీ మూడు నెలలు గడుస్తాయి. కాబట్టి అప్పు చేసి ఆగస్టులో కొనాల్సి వస్తే, దసరా–దీపావళి సేల్స్ దాకా ఆగడం మేలు. ఆన్‌లైన్‌లో ఏడాది మొత్తంలో పెద్ద బ్యాంక్ ఆఫర్లు వచ్చేది అప్పుడే.

అయితే బాసర విద్యార్థులకు, మొదటి ఏడాది నుంచే ప్రాజెక్టులు ఇచ్చే కాలేజీల వాళ్లకు ఈ సలహా పనికిరాదు. సీనియర్లని ఒక్క మాట అడగండి: "అన్నా, ఫస్ట్ సెమ్‌లో ల్యాప్‌టాప్ నిజంగా వాడినవా?" షాపువాడు చెప్పేదాని కంటే వాళ్లు చెప్పేదే సరైన సమాధానం.

కోర్సును బట్టి ఎంత కావాలి?

బీకామ్, బీబీఏ, బీఏ: ఎక్సెల్, వర్డ్, ట్యాలీ, బ్రౌజర్. ఇంటెల్ ఐ3 12వ తరం లేదా దానికి సమానమైన ప్రాసెసర్, 8జీబీ ర్యామ్ చాలు. ట్యాలీ విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్. కాబట్టి విండోస్ ల్యాప్‌టాపే తీసుకోండి.

సీఎస్ఈ, ఏఐ, డేటా సైన్స్, బీసీఏ: సీ, జావా, పైథాన్‌కి 8జీబీ సరిపోతుంది. మూడో ఏడాదిలో ఆండ్రాయిడ్ స్టూడియో, డాకర్ లాంటివి మొదలైతే 16జీబీ కావాల్సిందే. మెషిన్ లెర్నింగ్ నేర్చుకోవాలంటే గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. గూగుల్ కోల్యాబ్‌లో పరిమితులతోనే అయినా జీపీయూ ఉచితంగా దొరుకుతుంది, కాలేజీ స్థాయి ప్రాజెక్టులకు అది సరిపోతుంది.

ఈసీఈ, ఈఈఈ: మ్యాట్‌ల్యాబ్, ప్రోటియస్, వివాడో లాంటి టూల్స్ ఉంటాయి. వివాడో ఒక్కటే హార్డ్ డిస్క్‌లో పదుల జీబీలు తినేస్తుంది. 512జీబీ ఎస్‌ఎస్‌డీ కన్నా తక్కువ తీసుకోవద్దు.

సివిల్, మెకానికల్: ఆటోక్యాడ్ 2డీ మామూలు ఐ5తో నడుస్తుంది. సాలిడ్‌వర్క్స్, ఆన్సిస్‌లో పెద్ద మోడళ్లు చేయాలంటే మాత్రం 16జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి. అది రూ.40 వేలలో కొత్తది రాదు. పెద్ద సిమ్యులేషన్లకు కాలేజీ ల్యాబ్‌ని నమ్ముకుని, మిగతా పనికి మామూలు ల్యాప్‌టాప్ తీసుకోవడం తెలివైన పని. ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్లు విద్యార్థులకు ఉచితం, ఏడాదికోసారి రెన్యూ చేసుకోవాలి. క్రాక్ వెర్షన్ల జోలికి పోయి వైరస్ తెచ్చుకోవద్దు.

ప్రాసెసర్: పేరు కాదు, నంబర్ చదవండి

షాపులో "ఐ5 తమ్మీ, మస్తు ఫాస్ట్" అంటారు. ఏ ఐ5 అన్నదే అసలు విషయం. పదేళ్ల కిందటి ఐ5 కన్నా కొత్త ఐ3 చాలా ముందుంటుంది.

ఇంటెల్ ఐ3-1215యూ అంటే మొదటి రెండు అంకెలు 12, అంటే 12వ తరం. ఇందులో ఆరు కోర్లు ఉంటాయి, వాటిలో రెండు వేగంగా పనిచేసేవి, నాలుగు కరెంటు పొదుపు చేసేవి. ఐ5-1235యూలో రెండు ప్లస్ ఎనిమిది, మొత్తం పది. హెచ్‌పీ, లెనోవో, ఏసర్, ఆసుస్, డెల్ కంపెనీల బడ్జెట్ మోడళ్లలో ఈ రెండు ప్రాసెసర్లు చాలా కనిపిస్తాయి. బడ్జెట్ తక్కువైతే ఐ3-1215యూ కన్నా కిందికి దిగకండి.

సెలెరాన్ ఎన్4500 లాంటివి చూస్తే దండం పెట్టి వచ్చేయండి. అందులో ఉన్నది రెండే కోర్లు. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తీసి పక్కన జూమ్ క్లాస్ పెడితే ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఎన్100 దానికన్నా నయం, కానీ అది కూడా డిగ్రీ పనులకే, ఇంజనీరింగ్‌కి కాదు.

ఏఎండీలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అని రెండు ఉన్నాయి. పేరులో తేడా ఒక్క అంకె. లోపల మాత్రం చాలా తేడా. 7520యూలో నాలుగు కోర్లు, పాత జెన్ 2 డిజైన్. 7530యూలో ఆరు కోర్లు, జెన్ 3 డిజైన్. 7000 సిరీస్‌లో మూడో అంకె చూస్తే ఏ డిజైనో తెలిసిపోతుంది: 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. ఇంకో సంగతి, 7520యూ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి వస్తుంది. తర్వాత పెంచుకోవడం కుదరదు. "రైజెన్ 5, కొత్త 7000 సిరీస్" అని రూ.35 వేలకు ఇస్తున్నారంటే ముందు ఆ మూడో అంకె చూడండి.

స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్‌తో వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌లకు బ్యాటరీ బాగుంటుంది. కానీ కొన్ని ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్లు, కొన్ని పాత డ్రైవర్లు వాటి మీద సరిగా నడవవు. మీ సిలబస్‌లోని సాఫ్ట్‌వేర్లన్నీ నడుస్తాయని తేలితేనే తీసుకోండి.

ర్యామ్: పాత సలహా ఇప్పుడు పనిచేయదు

ఇన్నాళ్లూ అందరూ చెప్పిన మాట: "8జీబీతో తీస్కో, తర్వాత ఇంకో 8 వేయించుకో." 2025 మొదట్లో 8జీబీ డీడీఆర్4 స్టిక్ రూ.2 వేల చుట్టుపక్కల దొరికేది కాబట్టి ఆ మాట కరెక్టే. 2025 చివరికొచ్చేసరికి కథ మారిపోయింది. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌ల డిమాండ్ విపరీతంగా పెరిగింది. చిప్ కంపెనీలు ఎక్కువ లాభం ఉన్న అటువైపే తిరిగాయి. మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే క్రూషియల్ వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ర్యామ్ స్టిక్‌ల రేట్లు కొన్ని నెలల్లోనే రెట్టింపు దాటాయి. ఆ ప్రభావం ల్యాప్‌టాప్ ధరల మీద కూడా పడింది.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది ఇది. నచ్చిన మోడల్‌లో 8జీబీ, 16జీబీ రెండూ ఉంటే ధరలో తేడా ఎంతో రాసుకోండి. విడిగా 8జీబీ స్టిక్ ఆ రోజు ఎంత ఉందో చూడండి. రెండో లెక్క ఎక్కువైతే మొదట్లోనే 16జీబీ తీసుకోండి. 8జీబీతోనే ఆగాల్సి వస్తే మాత్రం ఖాళీ స్లాట్ ఉందో లేదో తప్పకుండా కనుక్కోండి. ఒకే పేరున్న మోడల్‌లో కూడా ఒక వేరియంట్‌కి స్లాట్ ఉండి ఇంకోదానికి ఉండకపోవచ్చు. కాబట్టి పూర్తి మోడల్ నంబర్‌తో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడాలి, షాపువాడి మాట మీద వదిలేయొద్దు. 4జీబీ ర్యామ్ ఉన్న విండోస్ 11 ల్యాప్‌టాప్ ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

స్టోరేజ్, స్క్రీన్, బ్యాటరీ

స్టోరేజ్ దగ్గర "ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ" అని ఉండాలి. "ఈఎంఎంసీ" అని ఉంటే అది చవక ఫోన్లలో వాడే నెమ్మది మెమరీ, వదిలేయండి. 512జీబీ మంచిది. బడ్జెట్ మరీ బిగుసుకుపోతే 256జీబీ తీసుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ తర్వాత మార్చుకోవచ్చు.

స్క్రీన్ 1920 బై 1080 ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ ప్యానెల్ అయితే మంచిది. ఈ బడ్జెట్‌లో ఎక్కువగా 250 నిట్స్ వెలుగు, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ రంగులతోనే వస్తాయి. అంటే రంగులు కొంచెం పాలిపోయినట్టు ఉంటాయి. కోడింగ్‌కి ఇబ్బంది లేదు, ఫొటో ఎడిటింగ్‌కి మాత్రం సరిపోదు. పక్క నుంచి చూస్తే రంగులు తిరగబడితే అది టీఎన్ ప్యానెల్ అన్నమాట. డెమో పీస్ పక్కకు తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

బ్యాటరీ దగ్గర "8 గంటలు", "10 గంటలు" అని రాసినవి పట్టించుకోకండి. వాట్ అవర్ లెక్క చూడండి. 40 దాటితే పర్వాలేదు, 50 ఉంటే బాగుంది. టైప్-సీ పోర్టులో ఛార్జ్ అయ్యే మోడల్ అయితే ఛార్జర్ పాడైనా ఇబ్బంది తక్కువ.

రూ.20 వేల లోపు క్రోమ్‌బుక్‌లు, ఆండ్రాయిడ్ మీద నడిచే చిన్న ల్యాప్‌టాప్‌లు కూడా కనిపిస్తాయి. 2023లో రూ.16,499కి వచ్చిన జియోబుక్ ఆ కోవలోదే: 4జీబీ ర్యామ్, 64జీబీ స్టోరేజ్, 11.6 అంగుళాల స్క్రీన్. స్కూల్ పిల్లలకు ఓకే. ఇంజనీరింగ్‌కి, ట్యాలీకి పనికిరాదు, విండోస్ సాఫ్ట్‌వేర్లు నడవవు. పైగా క్రోమ్‌బుక్‌లో చాలా పని ఇంటర్నెట్ మీదే ఆధారపడుతుంది. ఉట్నూర్, కెరమెరి వైపు సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే ఊళ్ల నుంచి చదివే పిల్లలకు సెలవుల్లో ఇంటికి వెళ్తే అది పెద్ద తలనొప్పి.

సెకండ్ హ్యాండ్ కొంటే: 8 అనే అంకె మర్చిపోవద్దు

రూ.20–25 వేలే ఉన్నాయంటే కొత్త సెలెరాన్ కన్నా మంచి రీఫర్బిష్డ్ బిజినెస్ ల్యాప్‌టాప్ ఎంతో నయం. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ ల్యాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ ఇవన్నీ కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసేసినవి. బాడీ గట్టిగా ఉంటుంది, కీబోర్డు బాగుంటుంది, పార్టులు దొరుకుతాయి.

ఒక్క పెద్ద గొయ్యి ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే కావాలి, దాంతోపాటు టీపీఎం 2.0 ఉండాలి. అందుకే కంపెనీలు 6వ, 7వ తరం ల్యాప్‌టాప్‌లను మూకుమ్మడిగా వదిలించుకున్నాయి, అవే ఇప్పుడు మార్కెట్లో చవగ్గా తిరుగుతున్నాయి.

థింక్‌ప్యాడ్ టీ470 అంటే 6 లేదా 7వ తరం, టీ480 అంటే ఎక్కువగా 8వ తరం. ఎలైట్‌బుక్ 840 జీ3, జీ4 వద్దు, జీ5 నుంచి ఓకే. ల్యాటిట్యూడ్ 7480 వద్దు, 7490 ఓకే. పక్కపక్కన పెడితే గుర్తుపట్టలేనంత ఒకేలా ఉంటాయి. కానీ 7వ తరం ఐ5-7300యూలో రెండు కోర్లు, 8వ తరం ఐ5-8350యూలో నాలుగు. విండోస్ సంగతి పక్కన పెట్టినా స్పీడ్‌లోనే బాగా తేడా ఉంటుంది. 7వ తరం దాని మీద కూడా "విండోస్ 11 వేసిచ్చినం అన్నా" అని అమ్ముతారు. చెకింగ్ తప్పించి వేసిన విండోస్‌కి అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయన్న గ్యారంటీ లేదు.

డబ్బు ఇచ్చే ముందు పావుగంట తీసుకుని ఇవి చూడండి:

1. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఉచిత యాప్ పీసీ హెల్త్ చెక్ రన్ చేయండి. విండోస్ 11కి అర్హత ఉందో లేదో అదే చెప్తుంది.
2. విండోస్‌లోనే ఉండే బ్యాటరీ రిపోర్ట్ తీయండి. డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు కనపడతాయి. రెండోది మొదటిదానిలో 60 శాతం కన్నా తక్కువ ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.
3. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో చూడండి.
4. విండోస్ రీసెట్ చేయించి, ఇంటర్నెట్‌కి కలిపి మొదటి నుంచి సెటప్ చేయండి. మధ్యలో ఏదైనా కంపెనీ పేరు చూపించి ఆ కంపెనీ లాగిన్ అడిగితే, ఆ ల్యాప్‌టాప్ ఇంకా పాత ఆఫీసు లాక్‌లోనే ఉన్నట్టు. ఎంత తక్కువకిచ్చినా వద్దు.
5. బయాస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే అది కూడా వద్దు.
6. అన్ని కీలు, కెమెరా, స్పీకర్, ప్రతి యూఎస్‌బీ పోర్టు, స్క్రీన్ హింజ్ చూడండి. వైఫైకి మీ ఫోన్ హాట్‌స్పాట్ కలపండి.

కనీసం ఆరు నెలల వారంటీ, బిల్లు మీద సీరియల్ నంబర్ ఉంటేనే తీసుకోండి.

దుబాయ్ నుంచి తెప్పిస్తే?

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు గల్ఫ్‌లో మనవాళ్లు లేని ఊరు దొరకడం కష్టం. "కాకా వస్తుండు, అక్కడ చవక" అనే మాట వస్తుంది. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ని కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. కాబట్టి దారిలో ఇబ్బంది లేదు. ఇబ్బంది తర్వాతే.

మొదటిది వారంటీ. కొన్ని మోడళ్లకు ఇంటర్నేషనల్ వారంటీ ఉంటుంది, కొన్నిటికి కొన్న దేశంలోనే. కొనే ముందే ఆ మోడల్‌కి ఇండియాలో సర్వీస్ ఉందా అని కంపెనీ కస్టమర్ కేర్‌ని అడగండి. రెండోది కీబోర్డు, కీల మీద అరబిక్ అక్షరాలు కూడా ఉంటాయి. మూడోది ప్లగ్. అక్కడి చదరపు మూడు పిన్నులు మన సాకెట్‌లో పట్టవు, అడాప్టర్ వైరు మార్చుకోవాలి. ఇక్కడి దసరా ఆఫర్ ధరతో పోల్చి, కనీసం ఐదారు వేలు మిగిలితేనే ఆ దారి పట్టండి.

ఎక్కడ కొనాలి: ఊళ్లోనా, ఆన్‌లైన్‌లోనా, సీటీసీలోనా?

కరీంనగర్ నుంచి బస్సెక్కితే దిగేది జేబీఎస్‌లో. అక్కడి నుంచి సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ, చెనాయ్ ట్రేడ్ సెంటర్, దగ్గరే. కంప్యూటర్ల మార్కెట్‌గా దానికి పేరు. సెకండ్ హ్యాండ్‌కి చాయిస్ ఎక్కువ. కానీ కరీంనగర్ నుంచి హైదరాబాద్ 160 కిలోమీటర్ల పైనే, ఆదిలాబాద్ నుంచి దాదాపు 300. రిపేర్ వస్తే మళ్లీ అంత దూరం పోవాలి. రెండు సార్లు తిరిగితే మిగిలిన రెండు వేలు బస్సు ఛార్జీలకే పోతాయి. రీఫర్బిష్డ్ కొనాలంటే తప్ప అంత దూరం అక్కర్లేదు.

కొత్తది అయితే లెక్క ఇలా వేయండి. ఆన్‌లైన్ ధర ఫోన్‌లో చూపించి లోకల్ షాపులో బేరం ఆడండి. వెయ్యి, పదిహేను వందల తేడా అయితే లోకల్‌గానే కొనండి. మొదటి వారంలో ఏదైనా తేడా వస్తే పట్టుకుని అడగడానికి మనిషి ఉంటాడు. తేడా నాలుగైదు వేలయితే ఆన్‌లైన్. ఆన్‌లైన్‌లో కొంటే పార్శిల్ విప్పేటప్పుడు సీల్ దగ్గర్నుంచి ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేదాకా ఆపకుండా వీడియో తీయండి.

ఎక్కడ కొన్నా కంపెనీ సైట్‌లో మీ పిన్‌కోడ్ పెట్టి సర్వీస్ సెంటర్ ఎక్కడుందో ముందే చూడండి. కరీంనగర్ 505001కి వచ్చే సమాధానం, ఆదిలాబాద్ 504001కి వచ్చే సమాధానం ఒకటి కావు. ఆసిఫాబాద్, సిర్పూర్ వైపు వాళ్లు "ఆన్‌సైట్ వారంటీ" ఉన్నదే చూసుకోండి, అంటే టెక్నీషియనే ఇంటికొచ్చి చేస్తాడు. "క్యారీ ఇన్" అని ఉంటే మనమే మోసుకుపోవాలి. రెండు ల్యాప్‌టాప్‌లు సమానంగా అనిపిస్తే మీ ఇంటికి దగ్గర్లో సర్వీస్ ఉన్నదే కరెక్ట్ చాయిస్.

"బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అనే మాట వినపడితే లెక్క గుర్తు పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌ల మీద జీఎస్‌టీ 18 శాతం. రూ.40 వేల ధరలో దాదాపు రూ.6,100 పన్నే. ఆయన మీకు వెయ్యి తగ్గించి మిగతాది తన దగ్గరే ఉంచుకోవచ్చు. మీ చేతిలో మాత్రం వారంటీకి, ఫిర్యాదుకి ఆధారమే ఉండదు. జీఎస్‌టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబర్ తప్పనిసరి.

షాపు కానీ కంపెనీ కానీ పట్టించుకోకపోతే 1915 నంబర్‌కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో కొన్నా సరే మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. రూ.5 లక్షల లోపు వస్తువుకి కోర్టు ఫీజు లేదు.

నో కాస్ట్ ఈఎంఐలో దాగిన కాస్ట్

రూ.36 వేల ల్యాప్‌టాప్, ఆరు నెలలు, నెలకు రూ.6 వేలు. చూస్తే వడ్డీ లేనట్టే ఉంది. క్రెడిట్ కార్డు మీద అయితే లోపల జరిగేది వేరు. బ్యాంకు 15 శాతం వడ్డీ వేసిందనుకుంటే అది సుమారు రూ.1,520. ఆ మొత్తాన్ని మొదట్లోనే డిస్కౌంట్‌గా ఇస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, సుమారు రూ.275, మీరే కట్టాలి. దానికి ప్రాసెసింగ్ ఫీజు తోడవుతుంది. చాలాసార్లు ఒకేసారి కడితే వచ్చే బ్యాంక్ డిస్కౌంట్ ఈఎంఐకి వేరుగా ఉంటుంది. రెండు ధరలూ పక్కపక్కన రాసి చూడండి. ఒక్క వాయిదా తప్పితే పడే ఫైన్, సిబిల్ స్కోర్ దెబ్బ వీటికి అదనం. ఆ కార్డు మన కోసం ఇచ్చిన అన్నదో, మామదో అయితే దెబ్బ వాళ్లకి తగులుతుంది.

ఇప్పటికే ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటున్న వాళ్లకు ఇంకో మార్గం ఉంది. బ్యాంకులు పాటించే మోడల్ ఎడ్యుకేషన్ లోన్ స్కీమ్‌లో, కోర్సుకి అవసరమైతే కంప్యూటర్ కొనుగోలు కూడా అనుమతించిన ఖర్చే. చాలామందికి ఈ సంగతి తెలియక ఫీజు, హాస్టల్ వరకే రాస్తారు. లోన్ అప్లై చేసేటప్పుడే షాపు నుంచి కొటేషన్ తీసుకుని జతచేయండి. ఈఎంఐ కన్నా ఇది నయం, తిరిగి కట్టడం చదువు అయ్యాకే మొదలవుతుంది.

మన ఎండలకు తట్టుకోవాలంటే

చాలా కంపెనీలు ల్యాప్‌టాప్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని చెప్తాయి. మే నెలలో రామగుండం, ఆదిలాబాద్‌లో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. రేకుల ఇంట్లో, ఫ్యాన్ గాలి కూడా వేడిగా ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ స్పీడ్ తగ్గించుకుంటుంది, బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడొద్దు, కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. రెండు పుస్తకాల మీద ఎత్తి పెట్టినా చాలు. ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే పెట్టి వాడేవాళ్లు కంపెనీ యాప్‌లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగే సెట్టింగ్ ఆన్ చేసుకోండి. ఏడాదికోసారి లోపలి ఫ్యాన్ దుమ్ము తీయించండి. మెటల్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటుంటే సాకెట్‌కి ఎర్తింగ్ ఉందో లేదో చూపించండి.

చివరిగా, బడ్జెట్ వారీగా మా మాట

రూ.25 వేల లోపు: 8వ తరం లేదా ఆపైన ఉన్న రీఫర్బిష్డ్ థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్. 8జీబీ ర్యామ్, 256జీబీ ఎస్‌ఎస్‌డీ. పైన చెప్పిన ఆరు పరీక్షలు పాసైతేనే.

రూ.30–38 వేలు: ఐ3-1215యూ లేదా దానికన్నా కొత్తది, 8జీబీ ర్యామ్, ఖాళీ స్లాట్ తప్పనిసరి, 512జీబీ ఎన్‌వీఎంఈ. డిగ్రీ వాళ్లకు, ఇంజనీరింగ్ మొదటి రెండేళ్లకు హాయిగా సరిపోతుంది.

రూ.40–48 వేలు: ఐ5 12వ తరం లేదా ఆపైన, లేదంటే రైజెన్ 5 7530యూ. 16జీబీ ర్యామ్ దొరికితే మోడల్ పేరు, రంగు, బరువు పట్టించుకోకుండా తీసుకోండి. నాలుగేళ్లు నిలబడేది ఇదే.

ఇంకో మాట. బడ్జెట్ రూ.40 వేలంటే ల్యాప్‌టాప్‌కి రూ.38 వేలే అనుకోండి. బ్యాగు, మౌస్, ప్రాజెక్టుల బ్యాకప్‌కి ఒక పెన్‌డ్రైవ్, ఇవన్నీ కలిపి మిగతా రెండు వేలు అయిపోతాయి. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కోసం విడిగా పైసలు పెట్టకండి. చాలా ల్యాప్‌టాప్‌లతో ఆఫీస్ వస్తుంది, రాకపోతే లిబ్రేఆఫీస్ ఉచితం. షాపువాడు "యాంటీవైరస్ పదిహేను వందలు, వేసి ఇస్తా" అంటే వద్దనండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ విద్యార్థికి సరిపోతుంది. ఆ పదిహేను వందలు దాచిపెడితే రేపు ర్యామ్ రేట్లు దిగినప్పుడు ఇంకో స్టిక్‌కి అక్కరకొస్తాయి.